చివరి బండినే అడగాలి

మా మనవరాలి స్నేహితురాలు ఒకమ్మాయి మొన్న సూర్యాపేటలో మా ఇంట్లో ఒక రాత్రి ఉండి పోయింది. వీపు మీద తనకంటే ఎత్తున్న సంచి, కాళ్లకు మట్టి కొట్టుకున్న బూట్లు. బస్సు ఎక్కదట, రైలు ఎక్కదట. రోడ్డు పక్కన నిలబడి చెయ్యి చూపించి, ఏది ఆగితే అది ఎక్కి సముద్రం దాకా పోతుందట. "భయం కాదా తల్లీ?" అంటే నవ్వి, "దానికి పద్ధతులున్నాయి అమ్మమ్మా" అని మొదలుపెట్టింది. బండి నంబరు ఫొటో తీసి ఇంటికి పంపాలట. డ్రైవరుతో రెండు మాటలు మాట్లాడి మనిషి ఎట్లాంటివాడో చూసుకున్నాకే ఎక్కాలట. తలుపు పక్కన కూర్చోవాలట. పొద్దు గూకకముందే దిగిపోవాలట. నేను దోసెలు పోస్తూ వింటున్నాను. వింటూ వింటూ రెండు దోసెలు మాడ్చాను. ఇవన్నీ నాకు తొమ్మిదో ఏటనే తెలుసు, చెప్పే మాటలే వేరు.

నాకు నేర్పింది మా తాత లచ్చయ్య. మా ఊరు కోదాడ రోడ్డు మీద, పేటకు అయిదు కోసులు, అంటే పది మైళ్లు. పేట అంటే మాకు సూర్యాపేటే, ఇంకో పేట లేదు. తాత ముప్పై ఏళ్లు ఆ రోడ్డు మీద కిరాయి బండి తోలాడు. కోదాడ నుంచి మిరపకాయలు, మిర్యాలగూడెం నుంచి వడ్లు, ఏది ఉంటే అది పేట బజారుకు చేర్చేవాడు. ఆయన దగ్గరికి పోతే ఇరుసుకు పూసే ఆముదం వాసన, ఎండుగడ్డి వాసన, చుట్ట వాసన కలిసి వచ్చేవి. కోడి కూయకముందే లేచి, ముఖం కూడా కడుక్కోకుండా ఎద్దుల దగ్గరికి పోయి వాటి మెడలు తడిమి చూసేవాడు. కాడి ఒరుసుకున్న చోట పసుపు, ఆముదం కలిపి పట్టించేవాడు. మా నాయనమ్మ బతికున్నప్పుడు "నా మెడ ఎన్నడన్న గట్ల తడిమి సూసినవా?" అని దెప్పేదట. ఆయన నవ్వేవాడట.

నేను చెప్పబోయే సంగతికి కొన్ని నెలల ముందే ఆ ఎద్దులు పోయాయి. రాజ్యం మారి మిలిట్రీ వచ్చిన కొత్త అది. ఊరి మీద పగలు ఒకరు పడేవారు, పొద్దు గూకితే ఇంకొకరు వచ్చేవారు. ఎద్దులను ఎవరు తోలుకుపోయారో నాకు తెలుసు గాని, ఇప్పుడు చెప్పి ఎవరిని ఉద్ధరించాలి. ఎద్దులు పోయినా తాత కోడికూతకు లేవడం మానలేదు. లేచి, ఖాళీ కొట్టంలో ఒకసారి తిరిగి, వచ్చి గడప మీద కూర్చునేవాడు. మా నాయిన ఊళ్లో లేడు. ఆ రోజుల్లో చాలా ఇళ్లల్లో మగవాళ్లు లేరు, ఎక్కడున్నారని ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. అమ్మ పచ్చి బాలింత. ఇంటి పని మొత్తం మా చిన్నత్త మీద పడింది.

చిన్నత్త పేరు యాదమ్మ. మా నాయిన చెల్లెలు, అప్పటికి పదహారేళ్లు. పనిలో చురుకు, మాటలో అంతకంటే చురుకు. ఒకరోజు పొద్దున దొడ్లో పేడ ఎత్తుతుంటే ఎక్కడి నుంచో ఒక ఎర్రకుక్క వచ్చి ఆమె పిక్క పట్టుకుంది. చేతిలో గంప దాని నెత్తిన కొట్టేదాకా వదలలేదు. పిక్క చీలిపోయింది. పసరు పిండారు, సున్నం పెట్టారు, మా దగ్గర కుక్క కరిస్తే ఉన్న ఆచారం ప్రకారం ఏడు బావులు చూపించారు. బావిలోకి తొంగి చూస్తే నీళ్లలో కుక్క ముఖం కనపడితే ఇగ ఆ మనిషి దక్కదని నమ్మకం. చిన్నత్త కుంటుకుంటూ ఏడు బావుల్లోకీ తొంగి చూసి, "కుక్క లేదు నాయినా, ఏడిట్లనూ నేనే ఉన్న" అంది. అందరం నవ్వాం. మూడో రోజు ఆ కుక్క చెరుకు తోట గట్టు మీద నోట్లో నురగతో చచ్చి పడింది. ఆ తర్వాత ఎవరమూ నవ్వలేదు.

పేటలో దవాఖాన ఉంది, అక్కడ బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారు, రోజుకొకటి, ఒక్క రోజు కూడా తప్పొద్దు అని ఊళ్లో చదువుకున్న ఒకాయన చెప్పాడు. పొద్దున పోతే మధ్యాహ్నం లోపల వేస్తారు, తర్వాత తలుపు మూస్తారు. పేటలో మాకు చుట్టాలు లేరు. కొత్తవాళ్లు ఊళ్లో రాత్రి ఉంటే, ఊరి మొదట్లో తనిఖీ చేసే నాకా దగ్గర పేరు చెప్పాలి, ఎవరి తాలూకు అని వంద ప్రశ్నలు. పైగా పెళ్లికాని పిల్ల. కాబట్టి రోజూ పోవాలి, రోజూ రావాలి. చిన్నత్త నడవలేదు. బొగ్గుతో నడిచే బస్సు ఒకటి ఉండేది, అది ఎప్పుడు వస్తుందో దాని డ్రైవరుకే తెలియదు, వచ్చినా మధ్యలో చెయ్యెత్తితే ఆగేది కాదు. ముప్పై ఏళ్లు దారిన పోయేవాళ్లను తన బండి మీద ఎక్కించుకున్న మనిషి ఇప్పుడు పద్నాలుగు రోజులు పరుల బండ్లను అడగాలి. మొదటి రోజు బయలుదేరేముందు తాత తలపాగా మూడుసార్లు చుట్టి మూడుసార్లు విప్పాడు.

నన్నెందుకు తీసుకుపోయారంటే, అదీ ఒక పద్ధతే. "పిల్లను ముంగట నిలబెడితే ఎంత మొండోడైన పగ్గం గుంజుతడు" అన్నాడు తాత. కోదాడ వైపు నుంచి వడ్ల బండ్లు రాత్రంతా నడిచి తెల్లవారుజామున మా ఊరు దాటేవి, పది పన్నెండు ఒక వరుసలో. మొదటి బండిని ఎన్నడూ అడగొద్దనేవాడు. వాడు ఆగితే వెనుకున్న పదకొండు ఆగాలి, పదకొండు మంది తిట్టుకుంటారు. అడిగితే చివరి బండినే అడగాలి. చివరివాడు అందరి దుమ్మూ తిని, మాట్లాడే దిక్కు లేక విసిగి ఉంటాడు. నిలబడి చెయ్యూపొద్దు. బండి పక్కన నాలుగు అడుగులు నడవాలి, మనిషిని కాదు, ముందు ఎద్దును మెచ్చుకోవాలి. అన్నిటికంటే ముందు ఎద్దు వీపు చూడాలి. చెర్నకోల వాతలు తేలి ఉంటే ఆ బండి ఎక్కొద్దు. "నోరు లేని దాన్ని కొట్టెటోడు ఆడపిల్లను ఏం సూస్తడు" అనేవాడు. వీపు నున్నగా ఉంటే మాత్రం కళ్లు మూసుకుని ఎక్కొచ్చు. ఎక్కినాక వెనుక చివరన కూర్చోవద్దు, బరువు వెనక్కి పడితే కాడి లేచి ఎద్దుల గొంతు పట్టుకుంటుంది. ఎత్తు వస్తే వాడు చెప్పకముందే దిగి నడవాలి. సద్దిమూట వాడు విప్పేదాకా మనం విప్పొద్దు. మిలిట్రీ లారీలను ఎంత అవసరమైనా అడగొద్దు. ఇవన్నీ ఒక్కరోజున చెప్పినవి కావు, ఎప్పుడు ఏది తోస్తే అది చెప్పుకుంటూ నడిచేవాడు.

ఇంకో రెండున్నాయి. అడగంది చెప్పొద్దు, అది ఒకటి. పిచ్చికుక్క కరిచిన మనిషంటే అప్పట్లో జనానికి అమ్మవారు సోకిన మనిషి కంటే ఎక్కువ భయం. ఎంగిలి తగిలినా, ఊపిరి తగిలినా అంటుకుంటుందనుకునేవారు. కాబట్టి పిల్లకు కాలు నొప్పి అన్నట్టుగా మౌనంగా కూర్చోవాలి. రెండోది, బండి మీద కూర్చుని అబద్ధమాడొద్దు. ఆడితే ఇరుసు విరుగుతుందని బండి తోలేవాళ్లందరి నమ్మకం. ఒకడు అన్నాడని ఇంకొకడు అనే మాట కాదు, నిజంగా నమ్మేవారు. నాకా దగ్గర జవాను "బండిలో ఏముంది?" అని అడిగితే తాత ముందు కిందికి దూకేవాడట, రెండు పాదాలూ నేల మీద ఆనించి "వడ్లే దొరా" అనేవాడట, తర్వాత మళ్లీ ఎక్కేవాడట. వడ్ల కింద ఏముండేదో దేవుడికి ఎరుక. ఈ సంగతి తాత చెబుతుంటే చిన్నత్త కడుపు పట్టుకుని నవ్వేది, సూదులు పొడిచిన చోట నొప్పి పుట్టి మళ్లీ మూలిగేది.

తొమ్మిది రోజులు గడిచాయి. ఒక్కరోజూ తప్పలేదు. మూడు రోజులకొకసారి సైదులు అనే ఆయన బండి దొరికేది. కోదాడ మనిషి, మాటలో కొంచెం కింది జిల్లాల యాస. ఎద్దుల వీపులు అద్దంలా ఉండేవి. నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని దోసిలి నిండా రేగుపండ్లు పోసేవాడు. పదో రోజు మళ్లీ ఆయన బండే. పొద్దు పొడిచింది, పేట ఇంకా రెండు కోసులుంది. సైదులు వెనక్కి తిరక్కుండానే మామూలుగా అడిగాడు.

"ఏం పెద్దాయనా, ఇది నాలుగోసారి నా బండెక్కడం. మిగతా రోజులు కూడా పోతున్నారంటగా. ఇంతకీ అమ్మాయికి ఏమైంది?"

తాత దగ్గాడు. తలపాగా సర్దుకున్నాడు. చిన్నత్త ఆయన మోకాలు గిల్లడం నేను చూశాను. కాలికి ముల్లు దిగింది అంటే అయిపోయేది, నేనే అందామనుకున్నాను గాని పెద్దవాళ్ల మధ్య నోరు తెరిచే అలవాటు లేదు.

"సైదులూ, జర బండి ఆపు" అన్నాడు తాత.

"ఎందుకు?"

"దిగి చెప్త."

ఊళ్లో మామూలు మనిషికి ఆ మాట చెబితే, ముసలాయన ఒంటికి పోవాలేమో అనుకునేవాడు. సైదులు బండి మనిషి. పగ్గం గుంజాడు. ఎద్దులు ఆగాయి. తిరిగి తాత ముఖం లోకి చాలాసేపు చూశాడు.

"దిగొద్దు పెద్దాయనా. కూర్చునే చెప్పు."

తాత దిగలేకపోయాడు. కూర్చునే చెప్పాడు. "కుక్క కరిసింది."

"మంచిదా?"

"సచ్చింది."

సైదులు అరవలేదు, తిట్టలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ. చేతులు జోడించాడు. "మా ఇంటిది నీళ్లోసుకుంది పెద్దాయనా. ఏడేళ్లకు. నాకు భయంగా ఉంది. ఏమీ అనుకోకుండా దిగండి" అన్నాడు. ఏడేళ్లకు అని రెండోసారి అన్నాడు. నన్ను చంకల కింద పట్టి దించాడు. చిన్నత్తను తాకలేదు. ఆమె కూర్చున్న చోట గడ్డి తీసి రోడ్డు పక్కన పడేశాడు. పోతూ పోతూ ముందు బండివాడికి ఏదో కేకేసి చెప్పాడు. వాడు వాడి ముందువాడికి చెప్పాడు. చివరి బండి నుంచి మొదటి బండి దాకా ఆ మాట పోవడం మాకు కనపడుతూనే ఉంది, ఒకటి తర్వాత ఒకటి బండ్లు వేగం అందుకున్నాయి.

తర్వాత ఇంకో వరుస వచ్చింది. వాళ్లకు ఏమీ తెలియదు, అడగొచ్చు. తాత అడగలేదు. సైదులు పారేసిన గడ్డినే చూస్తూ నిలబడ్డాడు. నేను ముందుకు పోయి నిలబడ్డాను గాని, అడిగే పెద్దమనిషి వెనుక లేకపోతే పిల్ల ఒక్కతే నిలబడి ఏం లాభం. బండ్లు పోయాయి. అంతలో మిలిట్రీ లారీ శబ్దం వినపడింది. చిన్నత్త కుంటుకుంటూ రోడ్డు నడిమధ్యకు పోయి రెండు చేతులూ పైకెత్తింది. "పిచ్చికుక్క కరిసింది! సూదికి పోవాలె! ఎక్కించుకుంటే ఎక్కించుకో, లేకుంటే తొక్కి పో!" అని గొంతు చించుకుని అరిచింది. వాళ్లది ఏ భాషో, ఆమె మాట వాళ్లకు ఏం వినపడిందో. లారీ ఆమె పక్క నుంచి ఒరిగి పోయింది. దుమ్ము కమ్మి కాసేపు ఆమె మాకు కనపడలేదు. కనపడినప్పుడు చేతులు ఇంకా పైకే ఉన్నాయి.

తాత ఆమెను వీపు మీద ఎక్కించుకున్నాడు. అరవై దాటిన మనిషి. వంద అడుగులు నడిచి దించేవాడు, మళ్లీ ఎక్కించుకునేవాడు. తర్వాత యాభై అడుగులు. పొద్దు నడినెత్తికి వస్తోంది. "నువ్వు ఉరుకు బిడ్డా. వస్తున్నరని చెప్పు, తలుపు మూయొద్దని చెప్పు" అన్నాడు. నేను ఉరికాను. ఇంత బతుకులో అంత దూరం మళ్లీ ఎన్నడూ ఉరకలేదు. దవాఖాన మెట్ల దగ్గరికి పోయేసరికి కంపౌండరు కిందికి దిగుతున్నాడు. నాకు ఊపిరి ఆడక మాట రాలేదు, ఏడుపు ఒక్కటే వచ్చింది. వసారా ఊడుస్తున్న ఆయా మరియమ్మ నన్ను గుర్తుపట్టింది. "గా కుక్క కరిసిన పోరి తాలూకు పిల్ల సారూ. వస్తున్నట్టుంది. జర ఆగుండ్రి" అంది. ఆకలేస్తోంది, ఎంతసేపు ఆగాలె అని ఆయన గొణిగాడు. "పోతే పోండ్రి. తాళంచెవి నా కొంగుల ఉంది, మీరు పోయి మూసేదేముంది" అని ఆమె మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. ఆయన నవ్వి మెట్ల మీద కూర్చున్నాడు. తాత, చిన్నత్త చేరేసరికి ఎంతసేపు పట్టిందో తెలియదు. పదో సూది పడింది.

ఆ రోజు మేం ఊరికి పోలేదు. మరియమ్మ ఏమైంది, ఎందుకాలస్యం అని ఒక్క మాట అడగలేదు. తన గుడిసె ముందు పందిరి కింద చాప వేసి, జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. నాకా దగ్గర తనే పోయి మా చుట్టాలు అని పేరు రాయించి వచ్చింది. నాలుగు రోజులు అక్కడే ఉన్నాం. పక్కింటామె ఏదో సణిగితే, "నా ఇంట్ల నా చుట్టాలుంటరు, నీకేం పరేషాన్?" అని ఒక్క మాటతో నోరు మూయించింది. ఆమె రుణం మేం ఏ విధంగానూ తీర్చలేదు. తీర్చే స్తోమత వచ్చేసరికి ఆమె లేదు.

పద్నాలుగూ పూర్తయ్యాయి, అయినా భయం పోలేదు. చిన్నత్త చెంబెత్తితే ఇంట్లో అందరం చేస్తున్న పని ఆపి ఆమె గొంతు కేసి చూసేవాళ్లం, నీళ్లు దిగుతున్నాయా లేదా అని. తొలకరి ఉరుములకు విషం లేస్తుందని ఎవరో అన్నారు. మొదటి ఉరుము ఉరిమిన రోజు అమ్మ ఆమె చెవుల్లో దూది పెట్టి పొదివి పట్టుకుని కూర్చుంది. "నన్ను కుక్క కరిసింది ఒక్కసారే, మీరు రోజు కరుస్తున్నరు" అని చిన్నత్త ఒకనాడు చెంబు విసిరికొట్టింది. ఏమీ కాలేదు. బతికింది. మిర్యాలగూడెం ఇచ్చాం, నలుగురు పిల్లల తల్లయింది, ఎనభై దాటేదాకా నీళ్లు తాగింది, అందరినీ తిట్టింది. ఇప్పుడు కుక్క కరిస్తే చేతికి నాలుగైదు సూదులు, అదీ మన దగ్గరి దవాఖానలోనే. ఆ అయిదు కోసులు ఇప్పుడు పావుగంట కూడా పట్టదు. ఆ దూరానికి మా తాత వీపు వంగిపోయిందంటే మా పిల్లలు కథ చెబుతున్నాననుకుంటారు.

మా ఇంటికి వచ్చిన ఆ అమ్మాయి పద్ధతులన్నీ బండి తోలేవాడి నుంచి తనను తాను కాపాడుకోవడానికి. మంచివే. తాత పద్ధతులు కూడా అంతే అని చాలాకాలం అనుకున్నాను. కాదు. వాటిలో సగం, మమ్మల్ని చూసి బండివాడు భయపడకుండా చూసుకునేవి. భయపడే మనిషి ఎట్లా ఉంటాడో తాతకు అంత బాగా ఎట్లా తెలుసో పద్నాలుగో రోజున తెలిసింది.

ఆ రోజు సూది అయ్యాక ఇంటికి నడిచే బయలుదేరాం. చిన్నత్త పిక్క మానింది, మెల్లగా నడుస్తోంది. వడ్లు దించిన ఖాళీ బండ్లు వరుసగా కోదాడ వైపు పోతున్నాయి. తాత ఒక్కదాన్నీ అడగలేదు. మమ్మల్ని దింపిన చోటికి వచ్చేసరికి, సైదులు పారేసిన గడ్డి ఇంకా రోడ్డు పక్కనే ఉంది. చిన్నత్త దాన్ని కాలితో తన్నింది. "వాని ఇల్లు కూలిపోను. వాని ఇంటిది..." అని మొదలుపెట్టింది.

"ఆ మాట అనకు" అన్నాడు తాత. ఆయన గొంతు అంత గట్టిగా నేను ఎప్పుడూ వినలేదు. తర్వాత రోడ్డు కేసి చూస్తూ చెప్పాడు. "నేనైన దింపేటోన్నే. దింపిన కూడ. మీ అన్న పుట్టకముందు. ఒక తల్లి, ఆమె కొడుకు. పోరనికి కుక్క కరిసిందని ఎక్కినంక చెప్పింది. అడగకున్న చెప్పింది, పిచ్చిది. గీడనే, ఇంకో కోసు అవతల దింపిన. కాళ్లు మొక్కింది."

చిన్నత్త గడ్డి మీది నుంచి కాలు వెనక్కి తీసుకుంది. నేనే అడిగాను, "వాళ్లేమైన్రు తాతా?"

"తెల్వది బిడ్డా. ఎన్కకు సూడలే. ఎద్దుల తోక మెలేసి తోలుకపోయిన."

ఇంకా కొంత దూరం నడిచాం. వరుసలో చివరి బండి మమ్మల్ని దాటుతూ తనంతట తనే ఆగింది. కుర్రవాడు, కొత్తగా పెళ్లయినట్టు చేతికి ఇంకా కంకణం. ఎద్దుల వీపులు నున్నగా ఉన్నాయి. "పిల్ల నడవలేకపోతున్నట్టుంది, ఎక్కుండ్రి పెద్దయ్యా, బండి ఖాళీనే" అన్నాడు. చిన్నత్త అప్పటికే చక్రం మీద చెయ్యేసింది. తాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మా బిడ్డకు పిచ్చికుక్క కరిసింది కొడుకా. పద్నాలుగు సూదులు అయినయి. ఇది తెలిసి ఎక్కించుకుంటనంటే ఎక్కుతం."

ఆ కుర్రవాడు చిన్నత్త కాలు కేసి చూశాడు. పగ్గం ఒకసారి వదిలాడు, ఒకసారి పట్టుకున్నాడు. ఎద్దులను అదిలించాడు. బండి కదిలింది. చిన్నత్త రోడ్డు మీదే కూలబడి మొదటిసారి ఏడ్చింది, పద్నాలుగు రోజుల్లో నేను చూసిన ఏడుపు అదొక్కటే. తాత ఆమెను చూడలేదు. పోతున్న బండినే చూస్తున్నాడు. ఆ కుర్రవాడు వెనక్కి తిరిగాడు. కాస్త పోయి మళ్లీ తిరిగాడు. వంపు తిరిగేదాకా మమ్మల్ని చూస్తూనే పోయాడు.

"నేను గట్ల కూడ సూడలే" అన్నాడు తాత.